తెల్ల నేల మీద అరచేతులు

తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ ఆమె కూతురి చేతుల వైపు చూసింది. పదిహేను నెలల పిల్ల గోడకి వీపు ఆనించి కూర్చుంది. రెండు చేతులూ పైకెత్తి పిడికిళ్లు బిగించుకుని ఉంది. ఎదురుగా గిన్నె, గిన్నెలో గరిటె. ఇంకో పిల్లయితే ఈపాటికి ఆ గరిటెతో ఇల్లు పీకి పందిరేసేది. వీళ్ల గువ్వ మాత్రం పరిచయం లేని చుట్టాన్ని చూసినట్టు ఆ గిన్నెను చూస్తోంది.

ఇంటి నేలంతా తెల్ల టైల్సు. భర్త టైల్సు దుకాణంలో అమ్మకాలు చూస్తాడు. గోడకి ఆనించిన పలకలు చూపిస్తే ఎవరికీ నమ్మకం కుదరదనీ, పరిచిన నేల చూపిస్తే అక్కడికక్కడే బేరం తెగుతుందనీ అతను కనిపెట్టాడు. అప్పటినుంచీ ఏ వేళప్పుడంటే ఆ వేళప్పుడు కొనేవాళ్లని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేస్తాడు. ముందు ఒక ఫోనైనా చెయ్యమని ఆమె ఒకసారి అడిగింది. ఇల్లన్నాక ఎప్పుడూ శుభ్రంగానే ఉండాలి కదా, చెప్పి రావడమెందుకన్నాడు. వచ్చినవాళ్లు చెప్పులు విప్పి నడిచి చూస్తుంటే ఆమె పిల్లనెత్తుకుని తలుపు పక్కన నిలబడాలి. "ఇంట్లో చంటిపిల్ల ఉందండీ. అయినా చూడండి, అద్దంలా ఉంది" అంటాడతను. ఆ అద్దం కోసం ఎవరి మోకాళ్లు అరిగాయో ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. ఆ దుకాణంలో జీతం లేని ఉద్యోగం ఏదైనా ఉందంటే అది ఆమెదే.

టీకాల కేంద్రంలో నర్సు గువ్వ చేతిలో దూదిఉండ పెట్టబోతే పిల్ల చెయ్యి లాక్కుని గుక్కపట్టి ఏడ్చింది. నర్సు ఏదో రాసుకుని, మనం అనే మాటలు ఏమైనా అర్థమవుతున్నాయా అని అడిగింది. తెలియదండీ అంది ఆమె. అలా అన్నందుకు సిగ్గేసింది కూడా. నర్సు ఒక కాగితం చేతిలో పెట్టి, ఇందులో ఉన్నట్టు ఇంట్లో ఆడించమనీ పది రోజులాగి తీసుకురమ్మనీ చెప్పింది. అప్పటికీ చేతులు విప్పకపోతే పెద్ద డాక్టరుకి చూపించాలంది.

ఆ సాయంత్రమే అత్తగారు ఈ సంగతి ఫోన్లో తన కూతురి చెవిన వేసింది. ఆ వదిన వేరే ఊళ్లో పసిపిల్లల బడి నడుపుతుంది. పిల్లని ఆర్నెల్లు తన దగ్గర వదలమంది. ఫోను స్పీకరు పెట్టి బల్లమీదే ఉంచింది కాబట్టి ఆ తర్వాతి మాటలు కూడా ఆమెకి వినబడ్డాయి. "తొమ్మిదో తరగతితో ఆపేసిన మనిషికి పిల్లల బుర్రల గురించి ఏం తెలుస్తుందమ్మా, పాపం." ఆ మాటలన్నింటిలోనూ చివర్న ఉన్న పాపమే ముల్లులా దిగింది. అక్క చెప్పింది సబబుగానే ఉంది, పది రోజులు చూసి పంపిద్దాం అన్నాడు భర్త. ఎదురింటికి నిచ్చెన ఎరువిచ్చినంత తేలిగ్గా.

వంటింట్లో కూర్చుని అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ ఆమె కాగితం చదివింది. పైన ఇంద్రియాలతో ఆట అని రాసుంది. ఆ పెద్ద మాట చూసి ముందు గుండె జారింది. కింద చూస్తే ఏముంది, మంచుముక్క, తడిపిన పిండి, గరుకు గుడ్డ, మెత్తని గుడ్డ, నలిపితే చప్పుడయ్యే కాగితం. పిల్లని వదిలి పక్కకి వెళ్లొద్దని, గొంతులో ఇరుక్కునేంత చిన్నవి ఇవ్వొద్దని అడుగున గీత గీసి మరీ రాశారు. ఇవన్నీ వంటింట్లోవేగా అనుకుని ఆమె తనలో తనే నవ్వుకుంది. బళ్లో ఒక సైన్సు గది ఉండేది. పదో తరగతి వాళ్లకే దాని తలుపు తీసేవారు. కిటికీ సందులోంచి గాజు సీసాలు, ఒక దీపం కనబడేవి. పదిలోకి వచ్చే ఏడు అమ్మ మంచాన పడింది. ఇంట్లో వండేవాళ్లు లేరని నాన్న ఈమెని బడి మాన్పించాడు. అన్నయ్యని మానమని ఎవరూ అనలేదు. ఆ దీపం వెలిగిస్తే సీసాలో నీళ్లు ఏమవుతాయో ఆమె ఇప్పటికీ చూడలేదు.

మర్నాడు పాత నోటుపుస్తకంలో నిలువు గీతలు గీసింది. ఏం ఇచ్చాను, ఏం చేసింది. అలా రెండు వరసలు గీయమని కాగితంలో ఉంది. మూడోది ఆమె సొంతంగా చేర్చింది. ఎందుకు?

మంచుముక్క పెద్దది పళ్లెంలో పెట్టి ఇచ్చింది. గువ్వ దాన్ని చూసింది, అమ్మని చూసింది, పిడికిళ్లు పైకెత్తేసింది. నలిపిన కాగితానికీ అంతే. మూడోరోజు గరుకు తువ్వాలు పరిచి దానిమీద కూర్చోబెట్టి, పొయ్యి మీది పాలు దించడానికి అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి పిల్ల కాలి బొటనవేలు తువ్వాలు దారాన్ని మెల్లగా లాగుతోంది. ఆమె పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మెత్తని రవికగుడ్డ పెట్టి చూసింది. కాలివేళ్లు ముడుచుకున్నాయి, విప్పుకున్నాయి, మళ్లీ ముడుచుకున్నాయి. కరుగుతున్న మంచుని మడమతో తోసి, అది జారిపోతే గువ్వ కిలకిల నవ్వింది. రెండో వరసలో ఆమె రాసింది, కాళ్లు ఊరుకోవడం లేదు. ఎందుకు అన్నచోట ఏమీ తోచక ఖాళీ వదిలేసింది.

కానీ ఆ ఖాళీ ఆమెని వదల్లేదు. అంట్లు తోముతున్నా, బట్టలు పిండుతున్నా అదే ఆలోచన. ఒంట్లో ఏదైనా లోపముంటే చేతులకి మాత్రమే ఎందుకుంటుంది? ఈ పిల్ల కాళ్లకి తెలిసిన ధైర్యం చేతులకి ఎవరు తెలియనివ్వలేదు? అత్తగారు చూసి, అమ్మాయ్, పప్పు మాడుతుంటే నీకు పరధ్యానమేంటంది. ఆరోరోజు తుడుగుడ్డ ఉతికి పెరట్లో ఆరేసింది. ఆ పూట గువ్వ వేళ్లు కొంచెం వదులయ్యాయి. గుడ్డ మళ్లీ లోపలికి తెచ్చి భుజాన వేసుకోగానే పిడికిలి బిగిసింది. ఆమె గుడ్డ తీసి బయటపెట్టింది, మళ్లీ తెచ్చింది, మళ్లీ బయటపెట్టింది. ఇది చూస్తున్న అత్తగారికి కోడలి బుర్ర మీదే అనుమానమొచ్చింది. "పిల్ల సంగతి తర్వాత, ముందు నిన్ను చూపించాలేమో" అంది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం ఆమె గుడ్డని గడప అవతల పెట్టి, వెడల్పాటి పళ్లెంలో పిండి తడిపి నేలమీద పెట్టింది. తినే పిండి నేలపాలు చేస్తున్నావని అత్తగారు కుర్చీలోంచి గొణిగింది. గువ్వ చాలాసేపు చూసింది. తర్వాత ఒక వేలు పెట్టింది. చల్లదనానికి ఒళ్లు జలదరించి వేలు తీసేసి, ఆ వేలినే వింతగా చూసుకుని మళ్లీ పెట్టింది. ఆ తర్వాత మొత్తం అరచెయ్యి. చెయ్యి పైకి లేచి తెల్ల నేల మీద టపీమని పడింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. భర్త, వెనకాల కొనడానికి వచ్చిన మొగుడూ పెళ్లాలూ. అతని ముఖంలో నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం మారింది. పళ్ల మధ్యనుంచి, వెనకాల వాళ్లకి వినబడకుండా ఒక్క మాట అన్నాడు.

"తుడువు."

గువ్వ ఆగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి అరచేతులు అమ్మకి చూపిస్తూ కళ్లు గట్టిగా మూసుకుంది. ముక్కు చిట్లించి, పెదాలు బిగించి, గుడ్డ వచ్చి పడుతుందని కదలకుండా కూర్చుంది.

మాటలు అర్థమవుతున్నాయా అని నర్సు అడిగింది. గువ్వకి ఒక మాట అర్థమైంది. నేర్పింది ఎవరో కాదు, తనే. అతను అనేది ఆమెతోనే. లేచి పిల్ల చేతులు తుడిచేది మాత్రం ఆమే. రోజూ, ప్రతి గంటకీ, అన్నం మెతుకు అంటిందని, చొంగ కారిందని, నేల ముట్టిందని, ఇంకా అంటకముందే అంటుతుందేమోనని. ఎవరైనా వస్తారేమోనన్న తన భయాన్నంతా గుడ్డలో చుట్టి పిల్ల వేళ్లమీద రుద్దింది. ఏడుపొచ్చింది. కానీ దాని వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. మూడో వరసలో ఏం రాయాలో తెలిసినందువల్ల వచ్చిన సంతోషం. సైన్సు గది తలుపు ఎవరో లోపలినుంచి తీసినట్టనిపించింది.

వచ్చినావిడ కాలితో నేల తడుముతూ, తడిస్తే జారుతుందా అని అడిగింది. అస్సలు జారదన్నాడు భర్త.

"జారుతుందండీ" అంది ఆమె, కూర్చున్నచోటు నుంచే. పక్కనున్న నోటుపుస్తకం పేజీ వెనక్కి తిప్పింది. "మంగళవారం ఒకసారి, నిన్నొకసారి పాప పడింది. నేను పడ్డవి రాసుకోలేదు."

ఆవిడ మొగుడి వైపు చూసి, మరి గరుకువేమైనా ఉన్నాయా అంది. దుకాణంలో ఉన్నాయంటూ అతను వాళ్లని తొందరగా బయటికి నడిపించాడు. వాళ్లు మెట్లు దిగాక తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నేల వైపు, ఇంకా కదలని ఆమె వైపు చూశాడు.

"వచ్చాక నీతో మాట్లాడాలి."

"మాట్లాడదాం. రేపు నర్సు దగ్గరికి మీరూ రండి, తొమ్మిది రోజులదీ రాసి ఉంచాను. గువ్వ మాత్రం ఎక్కడికీ వెళ్లదండీ."

కిందనుంచి అతన్ని పిలిచారు. వెళ్లిపోయాడు.

కుర్చీలోంచి అత్తగారు ఏమంటుందోనని ఆమె అటు తిరిగింది. పెద్దావిడ పళ్లేన్నే చూసింది. తన చేతులు ఒళ్లో తిప్పి చూసుకుంది. తర్వాత, "అంత పలచన చేస్తే చేతికేం అంటుకుంటుంది? ఇంకో గుప్పెడు పిండి వెయ్యి" అంది.

గువ్వ ఇంకా చేతులెత్తే ఉంచింది, కళ్లు మూసుకునే ఉంది. ఆమె గడప వైపు చూడలేదు. తన రెండు చేతులూ మణికట్ల దాకా పళ్లెంలో ముంచింది. చల్లగా ఉంది, జిగురుగా ఉంది. గోళ్ల సందుల్లోకి చేరుతుంటే పాత అలవాటుతో భుజం మీద గుడ్డ కోసం చెయ్యి లేవబోయింది. ఆపుకుంది. ఆ చేతుల్నే కూతురి అరచేతులకి ఆనించింది. గువ్వ ఒక కన్ను తెరిచింది. రెండోదీ తెరిచింది. తుడుపు ఎంతకీ రాకపోయేసరికి వంగి, నేలని రెండు చేతులా ఒకేసారి కొట్టింది. అమ్మ ముఖం మీద పిండి చిందింది.

సాయంత్రం ఆమె పుస్తకం తీసింది. పేజీ నిండా తెల్ల వేలిముద్రలు పడుతుంటే పడనిచ్చింది. మూడు వరసలూ నింపాక, కింద మిగిలిన ఖాళీలో ఇంకో మనిషిని చేర్చింది.

తల్లి, ఇరవై రెండేళ్లు. ముట్టుకుంది. భయపడింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.