పుంగనూరు దాటిపోయిన నిద్ర

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసే జయశీలకు కాదనడం రాదు. కుప్పంలో అక్క తబిత కూతురికి పెళ్లి కుదిరినప్పటినుంచీ పెళ్లిపాటలు నేర్పించడం, జాకెట్లు కుట్టించడం, కేకు చెప్పడం, పిలుపులకు తిరగడం, అన్నీ "నేను చూసుకుంటాలే" అంటూ తనమీద వేసుకుంది. డ్యూటీలో ఉంటే జాకెట్లు గుర్తొచ్చేవి. దర్జీ దగ్గరుంటే పాటలు గుర్తొచ్చేవి. ఏ పనీ కుదురుగా సాగక కణతలు పగిలిపోయేవి. కాఫీ చల్లారిందని ఒకరోజు పొద్దున భర్త సొలొమోనును కూడా కసురుకుంది.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి, పరుగున కుప్పం బస్సెక్కింది. దారిలో పుంగనూరులో దిగి చర్చి పాటబృందానికి పాటలు నేర్పించాలి. బృందంలో పాడే సొలొమోను ముందే వెళ్లాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. చల్లగాలి తగిలింది. అంతే.

"ఏమమ్మా, పుంగనూరు టికెట్టు తీసుకోని వి.కోట దాకా వచ్చినావే!" కండక్టరు గొంతుకు ఉలిక్కిపడి లేచింది.

"లేపకూడదా అప్పా?"

"పిలిస్తి. పసిబిడ్డ మాదిరి నిద్రపోతాంటే గట్టిగా లేపేదానికి మనసు రాలేదమ్మా."

బస్సంతా నవ్వింది. జయశీల గాబరాగా భర్తకు ఫోను చేసింది.

"యాడుండావు జయా?"

"వి.కోటలో. నిద్రపోయినా!"

సొలొమోను పకపకా నవ్వాడు. "కంగారుపడొద్దు. మన బృందంలో వాణి లేదా, ఆ పాప పాట ఎత్తుకునింది. బాగానే పాడతాండారు, విను."

ఫోనులో పాట వినిపించింది. తను లేకపోయినా జరిగిపోతోందని ముందు కాస్త రోషం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే గమనించింది, తలనొప్పి లేదు.

ఇక వెనక్కి ఎందుకని కుప్పం దాకా టికెట్టు తీసుకుని అక్క ఇంటికే వెళ్లింది. తబిత వేడివేడి సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టి, చెల్లెలు చెప్పిందంతా విన్నది.

"నేను అడిగింది పాటలొక్కటే కదమ్మా! మిగిలినవన్నీ యాల నెత్తిన పెట్టుకుంటివి?"

జయశీల చేతిలో ముద్ద ఆగింది. నిజమే, ఎవరూ అడగలేదు.

అక్కడే పనులు పంచుకున్నారు. జాకెట్లు పెళ్లికూతురే చూసుకుంటుంది, కేకు బావ చెబుతాడు. దూరపువాళ్లకు ఫోనులోనే పిలుపు. జయశీలకు పాటలొక్కటే, అదీ శనివారం సాయంత్రాలు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఏ పనీ పెట్టుకోకూడదు.

"ఆ పొద్దు ఏం చేస్తావే?"

"పడుకుంటానో, మీ మరిదితో సినిమాకే పోతానో!"

పెళ్లిలో పాట హాయిగా సాగింది. చివరి చరణంలో సొలొమోను అందరికంటే ఒక పంక్తి ముందుకు పరుగెత్తాడు. ముసుగులో పెళ్లికూతురు కిసుక్కుమంది. జయశీల కసరలేదు, నవ్వాపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల దగ్గరికి పుంగనూరు పాస్టరుగారు వచ్చారు. "జయశీలమ్మా, క్రిస్మస్ కార్యక్రమమంతా నువ్వే చూసుకోవాల."

"పాటలు నేను చూస్తానయ్యగారూ. నాటకం వాణికి ఇయ్యండి, ఆ పాపకు ఆశ ఉండాది."

ఎదుటి వరసలో వాణి ఎగిరి లేచింది. "నిజంగానా అక్కా? గొర్రెలకాపరి వేషం సొలొమోనన్నకే!"

"నాకా?" సొలొమోను బెంబేలెత్తిపోయాడు. వాళ్లిద్దరి వాదన మొదలైంది. జయశీల నింపాదిగా ఇంకో గరిటె బిరియానీ వడ్డించుకుంది.