నేల మీది నుంచి లేవడం

పొడవాటి గౌనుకు అంచు గుర్తు పెట్టాలంటే నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చోక తప్పదు. తొడుక్కున్న మనిషి కదలకుండా నిలబడుతుంది. మనం కొలబద్దను నేలకు ఆనించి, గుండుసూదులు గుచ్చుకుంటూ ఆవిడ చుట్టూ జరగాలి. నిలబడి వంగి పెడితే కుదరదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అవుతుంది, ఆ తర్వాత ఎవరెన్ని చెప్పినా ఆ గౌను బాగుండదు.

పెళ్లి కాకముందు నుంచీ నాకు ఈ పనంటే ప్రాణం. నాదీ మా చెల్లిదీ కలిపి ఒకటే కుట్టు దుకాణం. మిషను ముందు కూర్చుంటే గోడ తప్ప ఏమీ కనిపించదు. అద్దం ముందైతే మనుషులు ఉంటారు. ఎంత గుట్టు మనిషైనా అద్దం ముందు నిలబడేసరికి అత్తగారి సంగతుల దగ్గర్నుంచి ఆఫీసు గొడవల దాకా అన్నీ చెప్పేస్తుంది. కింద కూర్చున్నదాన్ని నేను కాబట్టి, నా నోట్లో సూదులుంటాయి కాబట్టి, మధ్యలో అడ్డం రానన్న ధైర్యం వాళ్లకు.

అలాంటిది ఒకరోజు ఒక టీచరమ్మ గౌనుకు ఆఖరి సూది గుచ్చి లేవబోతే మోకాళ్లు మాట వినలేదు. మళ్లీ ప్రయత్నించాను. ఊహూఁ. సూది కింద పడింది, వెతుకుతున్నానన్నాను. ఒక సూదిని ఎంతసేపని వెతుకుతాం? చివరికి టీచరమ్మ ఒక రెక్క, మా చెల్లి ఒక రెక్క పట్టుకుని బస్తాను లేపినట్టు లేపారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

సాయంత్రం దుకాణం మూస్తూ చెల్లి తీర్పు చెప్పేసింది. రేపటి నుంచి అద్దం దగ్గర పని తనది, మిషను నాది. నాకసలే ముక్కు మీద ఉంటుంది కోపం. నీకు కత్తెర పట్టడం నేర్పిందెవరే అని లేచాను. అది మాత్రం గొంతు పెంచలేదు.

"అక్కా, ఇవాళ నీ మొహంలో రంగు లేదు. నాకు చాలా భయమేసింది. రేపు నీకేదైనా అయితే బావకి నేనేం చెప్పను?"

కోపంగా అని ఉంటే నాలుగు దులిపేదాన్ని. ప్రేమగా అంది, ఒప్పుకోక తప్పలేదు. ఒక్క మాట మాత్రం తీసుకున్నాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేల మీది నుంచి లేచిన రోజున నా పని నాకు తిరిగి ఇచ్చెయ్యాలి. "లేస్తే నీదే" అంది, లేవననే ధైర్యంతో.

డాక్టరు చూసి ఎముకలు బాగున్నాయి, ఏళ్ల తరబడి కూర్చునే పనిచెయ్యడం వల్ల పొట్ట, నడుము, తొడల కండలే బలం తగ్గాయి అన్నాడు. ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపాడు. ఆ అమ్మాయికి నా కూతురి వయసు కూడా ఉండదు. ఇంట్లో చాప పరుచుకుని చేసే పిలాటిస్ నేర్పింది. బరువులు ఎత్తనక్కర్లేదు, గెంతనక్కర్లేదు. పడుకుని, ఊపిరి చూసుకుంటూ, నెమ్మదిగా చెయ్యాలి. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మొదటి రోజే చుక్కలు కనిపించాయి.

ఇంటి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. కళ్లజోడు తీస్తే ఆ అమ్మాయి ఇచ్చిన కసరత్తుల పుస్తకం కనబడదు, పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే ముక్కు మీద నిలవదు. ఫోనులో వీడియో పెడితే అందులో పిల్ల నేను ఒక కాలు ఎత్తేలోపు మూడు కసరత్తులు ముగించి నవ్వుతోంది. అప్పుడు మావారు నేను చదువుతాను, నువ్వు చెయ్యి అని ముందుకొచ్చారు.

ఆయన జీవితమంతా బస్టాండులో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చదివి రిటైరైన మనిషి. సోఫాలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవారు. "మోకాళ్లు మడిచి పడుకోండి. ఊపిరి వదులుతూ నడుము నెమ్మదిగా పైకి ఎత్తండి." ఆ గొంతు వింటుంటే ఏ నంబరు ప్లాట్‌ఫారానికి ఎత్తాలో కూడా చెబుతారేమో అనిపించేది. కొంచెం ఆగి మళ్లీ అదే మాట చదివేవారు. నేను మళ్లీ ఎత్తేదాన్ని. కుడి కాలు చాపమంటే చాపడం, మళ్లీ కుడి కాలు చాపమనగానే మళ్లీ మొదటి నుంచి చాపడం. ఎడమ కాలి వంతు వచ్చేసరికి నాకు ఓపిక ఉండేది కాదు.

కొన్ని వారాలకే ఒళ్లు పులిసిపోయింది. మెట్లు దిగాలంటే ఏడుపొచ్చేది. మొదలుపెట్టేవాళ్లకే ఇంత ఉంటే, ఆరితేరినవాళ్లు ఏమైపోతారో అనుకున్నాను. మిషనే నాకు రాసిపెట్టి ఉందని మనసు చంపుకుని, ఇక మానేస్తానని చెప్పడానికి ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లాను. మావారూ వచ్చారు. ఇంట్లో చేసినట్టే ఒకసారి చేసి చూపించమంది. ఆయన పుస్తకం తెరిచారు, నేను పడుకున్నాను.

కాసేపు చూసి ఆ అమ్మాయి అడిగింది. "సార్, ప్రతి కసరత్తూ ఎందుకు రెండేసి సార్లు చదువుతున్నారు?"

ఆయన తెల్లబోయారు. "ఒక్కసారే చెబితే ఎవరో ఒకరికి బస్సు తప్పిపోతుందమ్మా."

నేను పడుకున్నచోటే నవ్వలేక చచ్చాను. ఇన్ని వారాలూ చెప్పినదానికి రెట్టింపు చేశానన్నమాట. ఇక్కడ వింటున్నది నేనొక్కదాన్నే, నేను ఏ బస్సూ ఎక్కడం లేదు అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని నా తప్పు కూడా చెప్పింది. కష్టం రాగానే నేను పెదాలు బిగించి ఊపిరి ఆపేస్తున్నానట. ఎలా తెలియాలి నాకు? సూదులు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసే నోరది. పని ఎంత గట్టిదైతే అంత బిగుసుకుంటుంది. బరువు పడే చోటే ఊపిరి వదలాలి, బొడ్డును వెన్ను వైపు లాక్కోవాలి అని చెప్పి, నా పొట్ట మీద నా చెయ్యే పెట్టించి చూపించింది.

అప్పటి నుంచి దారిలో పడ్డాను. మావారు ఒక్కసారే చదివేవారు, రెండోసారి పెదాలు మాత్రం వాటంతటవే కదిలేవి. నొప్పి తగ్గింది. పొద్దున్నే చాప పరవడం అలవాటైంది, పరవని రోజు ఏదో వెలితిగా ఉండేది. కసరత్తు అయ్యాక మొదట సోఫా పట్టుకుని లేచేదాన్ని, తర్వాత ఒక వేలు ఆనించి లేచేదాన్ని. ఒక ఉదయం అదీ లేకుండా లేచి నిలబడితే, ఆయన పుస్తకం పక్కన పడేసి చప్పట్లు కొట్టారు. కానీ ఇంట్లో చాప మీద లేవడం వేరు. పనివేళ, నలుగురి ముందు, గచ్చు మీద లేవడం వేరు. చెల్లితో చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతలో ఒక పాటల బృందం పని వచ్చింది. అందరికీ ఒకే రంగు పొడవాటి గౌన్లు, వేదిక మీద వరసగా నిలబడతారు కాబట్టి అంచులన్నీ నేల నుంచి ఒకే ఎత్తున ఉండాలి. పని ఒత్తిడిలో చెల్లి కొందరికి కూర్చుని, కొందరికి వంగి గుర్తులు పెట్టింది. కచేరీకి రెండు రోజుల ముందు వచ్చి అందరూ అద్దం ముందు నిలబడ్డారు. అంచులు మెట్లు దిగినట్టు దిగాయి. చెల్లి మొహం మాడిపోయింది.

నేను మిషను ఆపి లేచాను. "నేను పెడతాను."

"వద్దక్కా. స్టూలు తెస్తాను, దాని మీద కూర్చో."

స్టూలు మీద నుంచి నేల కొలత రాదని దానికీ తెలుసు. మొదటావిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. సూదులు నోట్లో పెట్టుకోలేదు, పక్కన పళ్లెంలో పోసుకున్నాను. ఆవిడ చుట్టూ జరుగుతూ పాత గుర్తులు తీసి కొత్తవి పెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. భయమంతా ఆఖరి సూది గురించే. అది గుచ్చేశాక ఇక చెయ్యాల్సింది లేవడం ఒక్కటే.

చెల్లి రెండు చేతులూ చాపి నా మీదికి వంగింది. చేతులు తియ్యవే అన్నాను. ఒక పాదం నేల మీద ఆనించాను. ఊపిరి వదిలాను, బొడ్డు లోపలికి లాగాను. మోకాలు వణికింది. గొంతులోంచి ఒక మూలుగు కూడా వచ్చింది, అందంగా లేచానని చెప్పను. కానీ లేచాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

చెల్లి నా వంక చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి దానికి. వెళ్లి మిషను ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. నాకైతే సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది, దుకాణం నిండా మనుషులుండబట్టి ఊరుకున్నాను. పళ్లెం చేతిలోకి తీసుకుని వరస వైపు తిరిగాను.

"తర్వాత ఎవరమ్మా? ఇలా వచ్చి నిటారుగా నిలబడండి."