కింది తొట్టిలో ఖాళీ

కరెంటు పోయిన ఐదు నిమిషాలకే చేపల తొట్టిలోని ఉప్పునీళ్లు హాలంతా పారి మగ్గం గుంతలోకి దిగాయి. పక్కన చుట్టి పెట్టిన పట్టు పడుగు అంచు తడిసింది. ఉమేష్ దాన్ని ఎత్తి పట్టుకుని భార్య వైపు చూశాడు.

"ఇది రెండోసారి ప్రమోదా. ఆదివారం బెంగళూరు నుంచి ఒకాయప్ప వస్తాడు. చేపలు, పగడాలు, అద్దాల తొట్లు అన్నీ ఎత్తుకపోతాడు. మాట్లాడేసినా."

"నన్నడగకుండానే?"

"నీళ్లు నన్నడిగి వచ్చినాయా?"

గోరంత ముక్కలుగా తెచ్చిన పగడాలను రెండేళ్లు సాకి అరచేతులంత చేసింది ప్రమోద. ధర్మవరం ఎండల్లో వాటిని బతికించడం పిల్లల్ని సాకినంత పని. ఆమె నేల తుడిచి, తొట్టి ముందు కూర్చుంది.

చేపలుండే పై తొట్టిలో పొర్లిన నీళ్లు కింది తొట్టిలోకి దిగుతాయి. పంపు వాటిని గొట్టంలో మళ్లీ పైకి తోస్తుంది. పంపు ఆగితే పై నీళ్లు అదే గొట్టంలో వెనక్కి జారతాయి. అందుకే నీటి అంచు దగ్గర గొట్టానికి చిన్న బెజ్జం వేసుకుంది. మట్టం కాస్త తగ్గగానే బెజ్జం గాలి పీల్చి ఆ జారుడు ఆపాలి. టార్చి వేసి చూస్తే బెజ్జం నిండా ఉప్పు గట్టిపడి ఉంది. వారం వారం వేడినీళ్లతో కడగాల్సింది, ఆడపడుచు పెళ్లి పనుల్లో పడి నెల రోజులు వదిలేసింది. అది తన తప్పే.

కానీ నీళ్లలో ఉప్పు కొలిస్తే తక్కువ చూపించింది. ఎవరో మంచినీళ్లు పోశారు.

"అత్తా, కింది తొట్టిలో నీళ్లు పోసినావా?"

గంగాదేవి బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నాలుగు దినాలకొకసారి వస్తాది కొళాయి. బిందెలు, డ్రమ్ములు, చెంబులు గూడా నింపినా. అదొక్కటే సగం ఖాళీగా ఉండాది. నీళ్లొచ్చిన దినం ఎవరన్నా ఖాళీ పెడతారా?"

"ఆ ఖాళీ కావాలనే పెట్టినా అత్తా! కరెంటు పోతే పై నీళ్లొచ్చి కూచునేది ఆడనే."

"కూచుంటాయంట! చుట్టాలు మరి."

ప్రమోద గుండుసూదితో బెజ్జం పొడిచి, వేడినీళ్లతో ఉప్పంతా కరిగించింది. కరెంటు వచ్చాక కింది తొట్టిలో ఎక్కువైన నీళ్లు తోడేసి, పంపు ఆడుతుండగా నీళ్లు ఎంతవరకు ఉండాలో అద్దం మీద గోళ్ల రంగుతో ఎర్రగా గీత గీసింది. మర్నాడు పొద్దున, ఆరిన పడుగు తెచ్చి తొట్టి ముందే నేల మీద పెట్టింది.

"ఏయ్, పిచ్చి పట్టిందా నీకు?" ఉమేష్ లేచాడు.

"ముట్టుకోవద్దు. అది తడిస్తే ఆదివారం దాకా ఎందుకు, ఈ దినమే తొట్లన్నీ నేనే ఎత్తిస్తా."

మెయిన్ స్విచ్చి ఆపేసింది. పంపు ఆగింది. కింది తొట్టిలో నీళ్లు గీత దాటాయి, ఇంకా పైకెక్కాయి. ఉమేష్ వంగి పడుగు అందుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. బెజ్జం గుర్రుమని గాలి పీల్చింది. అంచుకు నాలుగు వేళ్ల కింద నీళ్లు ఆగిపోయాయి.

"ఇంగోసారి చెయ్ చూద్దాం," అంది గంగాదేవి.

"పదిసార్లు చేస్తా. నువ్వు మాత్రం ఆయప్పకు ఫోన్ చెయ్," అంది ప్రమోద మొగుడితో. "రావద్దని చెప్పు. మాట్లాడింది నువ్వు, నువ్వే చెప్పల్ల."

పొడిగా ఉన్న పడుగును తడిమి చూసి, ఉమేష్ ఫోన్ తీశాడు.

మళ్లీ కొళాయి వచ్చిన రోజు గంగాదేవి ఇంట్లో ఉన్నవన్నీ నింపింది. ఆఖరి చెంబు పట్టుకుని తొట్టి దగ్గరికొచ్చి, ఎర్రగీత చూసి ఆగింది.

"సగం కడుపుతో ఉండేదాన్ని యాడా చూళ్లేదమ్మా," అని గొణిగి, ఆ చెంబు నీళ్లు తనే తాగేసింది.