గంగాధరం గారి క్రెడిట్లు

పాఠం వింటూ నిద్రపోవడం బడిపిల్లలకే చెల్లుతుందనుకునేదాన్ని, గంగాధరం గారి దగ్గర ఉద్యోగంలో చేరేదాకా.

మస్కట్‌లోని ఖురంలో ఆయన లా ఆఫీసు. ఫోన్లూ ఫైళ్లూ చూసుకునేదాన్ని నేను. మనిషి గోదావరి జిల్లా, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆయన పేరు నమోదైన విదేశీ బార్ కౌన్సిల్‌కు ఒక నియమం ఉంది. లైసెన్సు నిలవాలంటే లాయర్లు ఏటా కొన్ని గంటలపాటు చట్టంలో కొత్త సంగతులు నేర్చుకోవాలి. నేర్చుకున్న గంటలకు క్రెడిట్లు వేస్తారు. సంపాదించే దారులు చాలానే ఉన్నాయి. సదస్సులకు వెళ్లి వినొచ్చు, తోటి లాయర్లకు పాఠం చెప్పొచ్చు, వ్యాసం రాయొచ్చు, ఫీజు లేకుండా బీదవాళ్ల పని చూసిపెట్టినా కొంత కలుస్తుంది. ఇవేవీ ఒంటికి పడనివాళ్లకు ఆన్‌లైన్ క్లాసులున్నాయి.

మా సార్‌కు ఆన్‌లైనే ఇష్టం. ఎందుకంటే అందులో కునుకు తీయొచ్చు. కాకపోతే ఆ క్లాసు మహా అనుమానపు క్లాసు. మధ్యమధ్యలో ఆగి, ‘మీరు ఇంకా వింటున్నారా?’ అని అడుగుతుంది. బటన్ నొక్కకపోతే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. ఏటా జూన్ నెలలో ఆయన గురక పెట్టడం, పక్కన కూర్చుని నేను బటన్ నొక్కడం మా ఆఫీసు ఆనవాయితీ. ఇన్నేళ్లు కోర్టులు చూసినవాడికి కుర్రకుంకలు పాఠాలు చెప్పడమేమిటని ఆయన వాదన. మరి జీతం ఇచ్చేది ఆయన, నేను నొక్కేదాన్ని.

ఆ జూన్‌లోనే పెద్దులు మామ మా ఆఫీసుకు వచ్చాడు. మాది జగిత్యాల దిక్కు, వరసకు మామ. మస్కట్‌కు దూరంగా సహం అనే ఊళ్లో ఒక కంపెనీలో టైల్స్ వేస్తాడు. కంపెనీకి అక్కడ పని అయిపోయింది, ఆయన కాంట్రాక్టు గడువూ తీరింది, ఇంటికి పంపేస్తామన్నారు. సరిగ్గా అప్పుడే సహంలోనే ఫజల్ అనే కాంట్రాక్టరు ఈయన పనితనం చూసి, తన దగ్గర టైల్స్ మేస్త్రీగా చేరమన్నాడు. పాత కంపెనీ మాత్రం తమకు అభ్యంతరం లేదనే లెటర్ లేకుండా ఎవరూ పెట్టుకోకూడదంది, ఆ లెటర్ ఇవ్వనంది. రూమ్‌లో తలొకరు తలో మాట చెప్పారు. దాంతో లాయరునే అడుగుదామని బస్సెక్కి వచ్చాడు.

“ఇన్నేండ్లల్ల నన్ను పేరు పెట్టి పిలిచి పనిస్తా అన్నది ఈయనొక్కడే సార్,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

సార్ చూస్తున్న ఫైలు మూయకుండానే చెప్పేశారు. లెటర్ లేకపోతే కుదరదు, ఇంటికి వెళ్లి రెండేళ్లు ఆగి కొత్త వీసా మీద రావాలి, చట్టం అంతే. పెద్దులు మామ చేతులు జోడించి వెళ్లిపోయాడు. ఆయన గుమ్మం దాటాక సార్ నవ్వుతూ, ఫీజు లేని సలహా కదా, ఆ అరగంటను నా క్రెడిట్లలో వేసెయ్యమ్మా అన్నారు. నాకు ఒళ్లు మండింది, అయినా వేశాను. ఆ హాస్యం నచ్చలేదు గానీ, ఆ జవాబును అనుమానించాలని మాత్రం నాకు తట్టలేదు.

తర్వాతి బుధవారం ఆయనకు ఒక్క క్లాసే మిగిలింది. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగుల చట్టాలు, వాటిలో వచ్చిన మార్పులు. ఆయనకు ఆ చట్టాలతో పనే లేదు, కంపెనీల కాంట్రాక్టులు రాసుకునే మనిషి. గడువులోగా అయ్యేది అదొక్కటేనని పెట్టుకున్నారు. ఆ రోజే మా ఏసీ చెడిపోయింది. మస్కట్‌లో జూన్ నెల, ఏసీ లేని గది. నిద్ర ఎలా పడుతుంది? విసురుకుంటూ, గత్యంతరం లేక పాఠం విన్నారు.

ఉన్నట్టుండి విసురుకోవడం ఆపేశారు. క్లాసును వెనక్కి జరిపి మళ్లీ విన్నారు. కంప్యూటర్లోని అమ్మాయి తాపీగా చెబుతోంది. ఒమాన్‌లో ఆ లెటర్ నియమం ఎత్తేశారు, కాంట్రాక్టు గడువు తీరిన కార్మికుడు పాత కంపెనీ లెటర్ లేకుండానే కొత్త కంపెనీకి మారొచ్చు.

“పెద్దులు ఎప్పుడెళ్తున్నాడమ్మా?” అన్నారు సార్.

ఈ రోజేనని చెప్పి వెంటనే ఫోన్ చేశాను. ఎత్తింది రూమ్‌మేట్ సురేందర్. ఇంటికి పోయేవాళ్లు సిమ్ము రూమ్‌లో ఎవరికో ఒకరికి ఇచ్చి పోవడం వాడుక. మామ తనకిచ్చి పొద్దున్నే ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడని చెప్పాడు. సార్ అప్పటికే కారు తాళాలు తీసుకుని మెట్లు దిగుతున్నారు. క్లాసు అలాగే నడుస్తోంది.

దారంతా ఆయన హారన్ మోగిస్తూనే ఉన్నారు. నేను ఊరడించలేదు, కోపంగానే ఉన్నాను. ఎయిర్‌పోర్టులో అట్టపెట్టెలన్నీ ఒకేలా తాళ్లతో బిగించి ఉన్నాయి. వాటి మీద మార్కర్‌తో రాసిన పేర్లు చదువుకుంటూ వెతికాం. మామ కౌంటర్‌కు దగ్గరలో కనిపించాడు. కంపెనీ కాగితాల పనులు చూసే తారిఖ్ వీసా రద్దు కాగితం ముందు పెట్టాడు. పెన్ను అప్పటికే మామ చేతిలో ఉంది.

“సంతకం పెట్టకు పెద్దులూ,” అన్నారు సార్, రొప్పుతూ. “నేను చెప్పింది తప్పు. ఆ చట్టం మారిపోయింది. నేనే తెలుసుకోలేదు.”

చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. మామ పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“అంటే ఫజల్ సేటు దగ్గర చెయ్యొచ్చా సార్?”

“చెయ్యొచ్చు. ఆ కాగితాలు నేను రాసిస్తాను.”

సార్ తారిఖ్‌తో అరబ్బీలో చాలాసేపు మాట్లాడారు. అతను కంపెనీకి ఫోన్ చేశాడు, విన్నాడు, భుజాలెగరేసి కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. పాస్‌పోర్టు మామ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మామ తన అట్టపెట్టె మీదే కూర్చుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. సార్ మీది కోపం ఎటు పోయిందో పోయింది.

ముగ్గురం ఆఫీసుకు తిరిగొచ్చేసరికి ఏసీ బాగైంది. బటన్ నొక్కే దిక్కు లేక క్లాసు మాత్రం మొదటికొచ్చింది. కారులోనే సురేందర్‌కు ఫోన్ చేసి చెప్పాం. రూమ్‌లో తక్కినవాళ్లకూ ఇలాంటి అనుమానాలే ఉన్నాయట. వచ్చే శుక్రవారం వాళ్లను తీసుకురావచ్చా అని మామ మొహమాటపడుతూ అడిగాడు.

“తీసుకురా. ఇది పూర్తిగా విని, అప్పుడు చెప్తా,” అన్నారు సార్. తర్వాత నావైపు తిరిగారు. “మొన్న వేశావే, ఆ అరగంట. అది కొట్టెయ్యమ్మా. తప్పు చెప్పినదానికి క్రెడిట్ ఏమిటి?”

కొట్టేశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని క్లాసు మొదటినుంచి పెట్టుకున్నారు. ఏసీ చల్లగా తగులుతోంది, కునుక్కి అనువైన వేళ. మామ గోడ పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కాసేపటికి క్లాసు ఆగి, ‘మీరు ఇంకా వింటున్నారా?’ అని అడిగింది. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను. అప్పటికే సార్ నొక్కేశారు.