సందేహం తగిలిన తేదీ

నిఘంటువు ఆఫీసులో కూతురికి అది పదకొండో ఏడు. అంతకుముందు అదే కుర్చీలో తండ్రి ముప్ఫై ఏళ్ళు కూర్చుని రిటైరయ్యాడు. కుర్చీ ఎక్కువ అరిగిందో, మనుషులు ఎక్కువ అరిగారో చెప్పడం కష్టం.

సాయంత్రం ఆమె కాళ్ళీడ్చుకుంటూ తండ్రి ఇంటికి వచ్చింది. సంచిలో మాట పుట్టుక రాసి ఉంచే కార్డు ఒకే ఒకటి, తండ్రి చేతిరాతలో. పనిని ఫ్రెంచివాళ్ళు త్రవాయ్ అంటారు, స్పెయిన్‌వాళ్ళు త్రబాహో అంటారు. ప్రయాణానికి ఇంగ్లీషువాళ్ళు వాడే ట్రావెల్ కూడా ఆ ఇంటి పిల్లే. అన్నింటికీ మూలం లాటిన్‌లో మూడు కొయ్యలకు పెట్టిన పేరనీ, మనుషుల్ని వాటికి కట్టి హింసించేవారనీ ఆయన ఘంటాపథంగా రాశాడు. ఆయన పేరెత్తితే చాలు, ఆఫీసంతా ఈ కార్డు గురించే చెప్పుకుంటుంది.

ఇప్పుడేమో కొందరు పండితులు అది అంత ఖాయం కాదంటున్నారు. లాటిన్‌లోనే దూలానికున్న మాట నుంచైనా వచ్చి ఉండొచ్చట. కార్డులో "కావచ్చు" అని చేర్చాలి. రాసినవారి సంతకం లేనిదే కామా కూడా మార్చకూడదని ఆఫీసు పద్ధతి. పొద్దున్నే ప్రెస్సుకు పంపాలి. పెద్దాయన పరువు తన చేతులతోనే తీస్తున్నట్టనిపించి, దారంతా ఆమె ప్రాణం ఉసూరుమంది.

"నాన్నా, దీనిమీద సంతకం కావాలి. కోప్పడకు."

తండ్రి కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "నాకెప్పుడో తెలుసమ్మా. పెన్నియ్యి."

"ఎప్పట్నుంచి?"

సంతకం పక్కన ఒక గడి ఉంటుంది. సందేహం ఏ రోజు తగిలిందో ఆ తేదీ అందులో వేయాలి. అక్కడ మాత్రం అబద్ధం రాయకూడదని కొత్తవాళ్ళందరికీ నేర్పింది ఆయనే. ఆయన సంతకం చేసి, తేదీ వేసి, కార్డు ఆమె వైపు తోశాడు.

ఇరవై ఆరేళ్ళ కిందటి తేదీ. అమ్మ పోయిన రోజు.

"ఆ రోజు బస్సు దొరక్క ఆస్పత్రికి ఆలస్యమైందన్నావు కదా!"

"బస్సులకేం, వరసపెట్టి వచ్చాయి. ఆస్పత్రి నుంచి మధ్యాహ్నమే కబురొచ్చింది. అప్పుడే ఈ అనుమానం తగిలింది. ఇంకొక్క పుస్తకం చూసి లేద్దాం, ఇంకొక్కటి చూసి లేద్దాం అని కూర్చున్నాను. ఆ తర్వాత ఈ కార్డు ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు."

ఆమెకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయింది. పొద్దుట్నుంచీ ఇంట్లో జ్వరంతో పడుకున్న తన కూతురు మూడుసార్లు ఫోను చేసింది. ఇంకొక్క కార్డు చూసి వచ్చేస్తానని మూడుసార్లూ తనే పెట్టేసింది.