పుచ్చకాయలు దిగిన రోజు

గంగన్న పడ్డది మధ్యాహ్నం ఒంటిగంటకు, కాలువ గుంతల, నా కండ్ల ముంగట. కంపెనీ రాసింది మాత్రం ‘రూమ్‌ల పడ్డడు’ అని. ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండల పనిచేయించొద్దని ఒమన్ సర్కారు రూల్. మా షినాస్ సైట్ల ఆ రూల్ మొఖం చూసినోడు లేడు. వరద నీళ్లు సముద్రంల కలిసే కాలువ అది. నూటనలభై మందిమి తవ్వుతున్నం.

దవాఖాన నుంచి నర్సు ఫేబక్క ఫోన్ చేసింది. “ఇంకో అరగంటైతే మనిషి దక్కేవాడు కాదు రఘుపతీ” అన్నది.

మూడోరోజు సైట్ల పుచ్చకాయలు దిగినయ్. గుండె ఝల్లుమన్నది. నవ్వకుండ్రి! మా కంపెనీల పుచ్చకాయలొస్తే ఇన్‌స్పెక్షన్ వస్తున్నట్టు. ఆ ఒక్కపూట నీడల కూసోబెట్టి, ముక్కలు పంచి, ఫొటోలు తీస్తరు. ఇయ్యాల ఇన్‌స్పెక్షన్ కారు రాలే. సైట్ ఇంచార్జి ప్రీతమ్ సారు వచ్చిండు, చేతుల కాగితాల కట్ట. కాకినాడ మనిషి. టెంట్ల టీవీ పెట్టి అమెరికా బొమ్మలు చూపిచ్చిండు.

“రెండొందల ఏళ్ల కిందట న్యూయార్క్ గవర్నమెంటే డబ్బు పెట్టి మూడొందల అరవై మైళ్ల కాలువ తవ్వించింది. తర్వాత రైలు కంపెనీలకి భూములిచ్చారు. బయటి సరుకు మీద పన్నేసి సొంత ఫ్యాక్టరీల్ని కాపాడుకున్నారు. గవర్నమెంటూ కంపెనీలూ చేయి కలిపితేనే దేశం ఎదుగుద్ది. మీరూ కాస్త సహకరించాలి.”

గంగన్న పక్క మంచపోడు భీమన్న లేచిండు. “ఆ భూములు ఎవలయి సారూ?”

“అక్కడ ముందునించీ ఉన్నవాళ్లవి...”

“అంటే గుంజుకున్నరు. కాలువ తవ్వినోళ్లు ఎవలు?”

“ఐర్లండ్ నించి వచ్చిన కూలీలు చాలామంది.”

“మన లెక్క పైదేశపోళ్లే! వాళ్లకేమైంది?”

“చిత్తడి నేల కదా, వందలమందికి జ్వరాలొచ్చాయి.”

“వాళ్లు గూడ రూమ్‌లనే పడ్డరని రాసిండ్రా?”

టెంటంత నవ్వింది. ప్రీతమ్ మొఖం మాడింది. కాగితాలు పంచిండు, వేలిముద్రలెయ్యమన్నడు. బుల్డోజర్ నడిపే ఇస్రార్, పాకిస్తానోడు, పైకి చదివిండు: “హమ్ అప్నీ మర్జీ సే దోపహర్ మే కామ్ కర్తే హై.”

మా ఇష్టంతోనే ఎండల చేస్తున్నమంట! వేలు పెట్టినంక ఎవడు సచ్చినా వాని ఇష్టమే. ఒక్కడు వేలియ్యలే. పుచ్చకాయలు గూడ ఎవడు ముట్టలే.

తెల్లారి కంపెనీ బండొచ్చి భీమన్నను ఎక్కిచ్చుకపోయింది.

“ఇంకెవడికి కావాలి ఇంటికి టికెట్?” అన్నడు ప్రీతమ్. భయమైంది, దాచుడెందుకు.

పన్నెండున్నర కొట్టంగనే ఇస్రార్ బుల్డోజర్ బందు చేసిండు. దిగి దాని నీడల కూసున్నడు. నేను పార పడేసిన. ఇగ ఒకని ఎనుక ఒకడు, కాలువ పొడుగునా అందరు గుంతలకెల్లి ఎక్కొచ్చిండ్రు.

ప్రీతమ్ ఉరికొచ్చిండు. “ఎవడు చెప్పాడ్రా కూర్చోమని?”

“సర్కారే చెప్పింది సారూ” అన్న. “చేయి కలపాలంటిరి గదా, మేం కలిపినం.”

“పోలీసుల్ని పిలుస్తా!” ఫోన్ తీసిండు.

“బులావో. వాళ్లకు గడియారం చూసుడు రాదా?” అన్నడు ఇస్రార్, హిందీల.

ఫోన్ జేబులకు పోయింది. మేం కదలలే. మూడున్నరైంది. ప్రీతమ్ ఈల ఊదిండు, లేవుండ్రి, టైమైందన్నడు.

అప్పుడు గూడ ఎవడు లేవలే.

“భీమన్న ఏడి?” అన్నం, నూటముప్పైఎనిమిది మందిమి.