ఆముదంతో నడిచిన కారు

ఆ పొద్దు కూడా కారుకు ఆముదం పోసింది నేనే. కుచ్చిళ్లు నడుముకు దోపి, ఇంజన్‌లో నూనె కొలిచే పుల్లను బయటికి లాగి, పాత గుడ్డతో తుడిచి, మళ్లీ దించి చూసి, తగ్గినంత సీసాతో పోశాను. మా ఆయన అరుగు మీద నిలబడి కొత్త ఖద్దరు టోపీ సవరించుకుంటున్నాడు. "అయిందా? ఏం పని జేసినా వంటింట్ల జేసినట్టే జేస్తవు," అన్నాడు. పుల్లకు అంటిన నూనె తారులా నల్లగా ఉంది. వేళ్ల మధ్య రాస్తే గరగరలాడింది. చెబుదామని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి మూసుకున్నాను. సీకాయ పెట్టి రుద్దినా చేతుల వాసన పోలేదు.

యూనియన్ మిలిటరీ వచ్చి నెల కూడా కాలేదు. అంతకు ముందు ఏడాదంతా మేం హైదరాబాదులో కిరాయి ఇంట్లో తలదాచుకున్నాం. దేవరకొండ దిక్కు ఊళ్లో మాది గడీ, మా ఆయన దొర. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు గడీ మీదికి వచ్చిన నాడు కారెక్కి పారిపోయి వచ్చాం. రజాకార్లకు యాటలు కోయించి పెట్టిన ఆ మనిషే, రాజ్యం మారిన వారానికి ఖద్దరు కుట్టించుకున్నాడు. నోరు మాత్రం పాతదే. ముందురోజు అన్నం తింటూ చెప్పాడు: "రేపు పొద్దుమీకకముందే ఊరు జేరాలె. తెల్లారంగ మిలిటరీ వస్తది. సంఘపోళ్ల ఇండ్లు ఏవో వాళ్లకేం ఎరుక? నేను చూపియ్యాలె." కూర వడ్డిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. అది చూసి నవ్వాడు. "నీగ్గూడ పనున్నది. అండాలు ఎవని ఇంట్ల దాసుకున్నదో ఏమో. నువ్వు బజాట్ల నిలబడి ఒక్క కేక పెట్టు. నీ గొంతు ఇంటె అదే బయటికొస్తది. దాని జుట్టు జీపుకు కట్టి ఈడిపిస్త." తరువాత పెరుగు అడిగాడు. నేను వేశాను.

అండాలు నాకు అరణంగా వచ్చిన మనిషి. పెళ్లప్పుడు మా పుట్టింటివాళ్లు పందిరి మంచం, ఇత్తడి బిందెలు, పాడిబర్రె, వాటితో పాటు అండాలును పంపారు. దొరల ఇళ్లలో ఆడబాప అంటారు. నా ఈడుదే, నాతో అచ్చనగండ్లు ఆడిన పిల్లే. నా తల దువ్వింది, కాన్పులు నిలవక నేను మంచం పట్టినప్పుడల్లా నెత్తుటి గుడ్డలు ఉతికింది, ఎవరూ వినకుండా నాతో పాటు ఏడ్చింది. మా ఆయన దాని గదికి పోయిన రాత్రులు మా అత్తమ్మ నాకు గ్లాసెడు పాలు పంపేది. "మొగోడన్నంక గిట్లనే ఉంటది బిడ్డా, తాగి పండు," అని. పొద్దున్నే ఆ గ్లాసు కడిగేది అండాలే. మేం పారిపోతున్న నాడు కారు తలుపు పట్టుకుని నిలబడింది గానీ ఎక్కలేదు. "నేను రానమ్మా. నీకు దండం పెడ్త, నువ్వు గూడ దిగు," అంది. నేను దిగలేదు. దిగితే ఎక్కడ బతకాలో, ఎట్లా బతకాలో నాకెవరూ నేర్పలేదు. తరువాత ఊరి నుంచి కబురు వచ్చింది, మా గుమ్మిలోని ధాన్యాన్ని అండాలు తన చేత్తో కొలిచి ఊరందరికీ పంచిందట. మా ఆయన ఇల్లంతా పీకి పందిరి వేశాడు. నేను వంటింట్లో పొయ్యి ఊదుతూ, కొంగు నోట్లో కుక్కుకుని, సంతోషపడ్డాను.

ఇక కారు సంగతి. యుద్ధం రోజుల్లో మోటారు నూనె దొరకలేదు నిజమే, దొరికినాక కూడా ఆయన కొనలేదు. "ఊరంత ఆముదమే పండుతాంటె, నూనె కొనుడేంది?" అనేవాడు. ఊరి ఆడవాళ్లు ఆముదాలు వేయించి, దంచి, పొగలో కళ్లు మండుతుంటే కాచి తీసిన నూనె, ఇంటికింత అని వెట్టి కింద గడీలో పోయాలి. దీపాలకూ మా అత్తమ్మ మోకాళ్లకూ పోగా మిగిలింది కారు తాగేది. పట్నం వచ్చాక కూడా చవకని ఆముదమే తెప్పించాడు. డ్రైవర్ బాలయ్య జీతం రాక మానేసి పోతూ నాతో చెప్పాడు: "అమ్మా, దొర నా మాట ఇనడు, నువ్వన్న చెప్పు. పైంచి పోసుడు కాదు, కిందికెల్లి పాత నూనె తీసేయాలె. పుల్ల మీద నిండుగ కనబడ్తది గని అండ్ల సత్తువ లేదు, మడ్డి ఐపోయింది. ఇనుము ఇనుము రాసుకుంటాంది. ముందుగాల నూనె జోరు చూపే ముల్లు పడిపోతది, ఎన్క టకటక అంటది, ఇగ ఇంజన్ ఒక్కసారే బిగుసుకొని పట్టేస్తది."

చెప్పాను. మొదటిసారి ఆయన స్నేహితులతో పేకాటలో ఉన్నాడు. "ఇన్నరా, మా ఇంటామె ఇంజనీరైంది! ముందు పోపుల నూనె సంగతి సూసుకోవే," అన్నాడు. అందరూ నవ్వారు, వాళ్లకు చాయ్ పోసింది నేనే. రెండోసారి, "తక్కువైతె పొయ్యాలె గని ఉన్నది పారబోసుడేంది? బుద్ధున్నదా?" అన్నాడు. మూడోసారి చెంప మీద పడింది. ఆ తరువాత చెప్పడం మానేశాను, పోయడం మాత్రం నా పనిగా మిగిలింది. దవాఖానలో లేడీ డాక్టరు నా గురించి కూడా ఇంచుమించు అదే చెప్పింది. లోపల పాడైందమ్మా, శుభ్రం చేయాలి, ఊరికే బలానికి మందులు పోస్తే లాభం లేదు అని. ఆయన బలం మందు సీసా కొనుక్కొచ్చాడు.

కారులో నేను వెనక, పరదాల మధ్య. ఆయన ముందు, నడుపుతూ. పక్క సీట్లో తుపాకీ. ఇబ్రహీంపట్నం దాటేదాకా నేను దేవుళ్లకు మొక్కుతూనే ఉన్నాను, ఏమని మొక్కాలో మాత్రం తెలియలేదు. బజార్లో నిలబడితే నా గొంతు లేవకపోవచ్చు. లేవకపోతే ఆయన లేపుతాడు, ఎట్లాగో నాకు తెలుసు. "అండాలూ" అని నేను పిలిస్తే అది ఏ గడ్డివాములో ఉన్నా వస్తుంది, నా కోసం వస్తుంది. అప్పుడే విన్నాను. సన్నగా, ఇంజన్ అడుగు నుంచి, టక్ టక్ టక్. ఆయన భుజం మీదుగా చూస్తే ముల్లు కిందికి వాలి వణుకుతోంది. మాడిన ఆముదం వాసన పరదాల్లోకి వచ్చింది. ఆయనకు ఏమీ వినబడలేదు. ఎవరి భూమి ఎట్లా గుంజుకోవాలో పెద్దగా చెప్పుకుంటూ పోతున్నాడు.

మాల్ అనే ఊరి దగ్గర మిలిటరీ లారీలు రోడ్డు పక్కన ఆగి ఉన్నాయి. సిపాయి చెయ్యెత్తాడు. మా ఆయన టోపీ దిద్దుకుని, చేతులు జోడించుకుంటూ, ఆఫీసరు డేరాలోకి పోయాడు. ఇంజన్ ఆపకుండానే పోయాడు. లారీలు బాగుచేసే మనిషి ఒకడు, మోచేతుల దాకా మసి, కారు దగ్గరికి వచ్చి చెవి పెట్టి విన్నాడు. చప్పుడు నచ్చలేదేమో, చెయ్యి లోపల పెట్టి తానే ఆపేశాడు. తరువాత పరదా వైపు తిరిగి, ముఖం దించుకుని, ఉర్దూలో అడిగాడు. "బహెన్, మీ ఇంజన్ చావుకు దగ్గరైంది. మా దగ్గర కొత్త నూనె ఉంది. పాతది తీసి పోస్తాను, అరగంట పని. పొయ్యమంటారా?"

ఇన్నేళ్లలో నన్ను "పొయ్యమంటారా" అని అడిగినవాళ్లు లేరు. చీర రంగు కూడా మా అత్తమ్మే చెప్పేది. డేరాలోంచి ఆయన నవ్వు వినబడుతోంది. ఇప్పుడు బయటికి వస్తే? ఈ మనిషి వెళ్లి ఆయనతో చెబితే? తొవ్వలో కారు ఆగిపోతే నన్ను అక్కడే కొట్టి చంపుతాడేమో. నడిస్తే సాయంత్రానికి ఊరు. పళ్లు టకటకలాడుతుంటే దవడ చేత్తో పట్టుకున్నాను.

"వద్దు భాయ్," అన్నాను. "ఊరు దగ్గరే."

అతను భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. మా ఆయన వచ్చి, ఇంజన్ ఆగిపోయిందని తిట్టుకుంటూ, నన్నే దిగి హాండిల్ తిప్పమన్నాడు. తిప్పాను. బరువుగా తిరిగింది.

పెద్ద రోడ్డు వదిలి గుట్టల తొవ్వ పట్టాక ఎక్కుడు మొదలైంది. అటూ ఇటూ ఆముదపు చేన్లు, రాళ్లు, తంగేడు పొదలు. టకటక కాస్తా ధన్ ధన్ అని గుద్దడం అయింది. ఈసారి ఆయన కూడా విని, "ఏందే అది?" అన్నాడు, నేనేదో చేస్తున్నట్టు. ఇంకా గట్టిగా తొక్కాడు. కిర్రుమని ఒక అరుపు, గుప్పున పొగ, కారు ఒక్కసారి వెనక్కి తన్నినట్టయి నిలబడిపోయింది. నా తల ముందు సీటుకు కొట్టుకుంది. హాండిల్ తిప్పమన్నాడు. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేశాను. వెంట్రుకవాసి కదల్లేదు. నన్ను నెట్టేసి తను పట్టుకున్నాడు. ఆయనకూ కదల్లేదు.

గొర్ల మందతో ఒకాయన చేను గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. మా ఊరి కురుమయ్యే. ఒకప్పుడైతే చెప్పులు చేతపట్టుకుని "నీ బాంచెన్ దొరా" అంటూ వంగేవాడు. ఇప్పుడు చెప్పులతోనే ఉన్నాడు, తలగుడ్డ కూడా తీయలేదు. మా ఆయన కళ్లకు అది కనబడినట్టే లేదు. "ఏమ్రా కురుమిగా! ఊళ్లెకు ఉరుకు. దొరొచ్చిండని చెప్పు. రెండు జతల ఎడ్లను, నలుగురు మనుషులను పట్కరా. తెల్లారంగ మిలిటరీ గూడ వస్తున్నదని చెప్పు, అప్పుడు కాళ్లకు బలమొస్తది నా కొడుకులకు."

వెట్టికి మనిషిని తరమడం ఆయనకు ఎంత అలవాటంటే, ఏం చెప్పి పంపుతున్నాడో ఆయనకే తెలియలేదు. కురుమయ్య ఆయనను చూశాడు, తరువాత నన్ను చూశాడు.

"జర జల్ది పో కురుమయ్యా," అన్నాను. "నువ్వు ఉరికితేనే పనైతది."

"పోతున్నమ్మా," అన్నాడు. గొర్లను అక్కడే వదిలేసి, గట్టు దిగి, నిజంగానే పరుగెత్తాడు.

ఎండ పసుపెక్కి గుట్టల మీదికి జరిగింది. ఎడ్లు రాలేదు. మా ఆయన తుపాకీ పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు, చేనులో ఆకు కదిలితే ఉలిక్కిపడ్డాడు. ఊరు నడిచిపోయేంత దూరమే. కానీ ఆ తొవ్వలో ఒంటరిగా నడవడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన భయపడగా నేను చూసింది అదే మొదలు. అయినా నా భయం తగ్గలేదు. ఆ మనిషి చేతిలో తుపాకీ ఉంది, చుట్టూ ఎవరూ లేరు, కారు కింద నల్లటి నూనె బొట్లు బొట్లుగా మట్టిలో పడుతోంది.

"ఎడ్లెందుకు రాలేదే?"

"రావు. ఊళ్లె ఎవ్వరుండరు ఇప్పుడు. గుట్టలెక్కి ఉంటరు. మిలిటరీ వస్తున్నదని మీరే చెప్పి పంపిండ్రు."

ఆయన ముఖం మారింది. మెల్లగా అర్థమవుతోంది. కిందపడుతున్న నూనె వైపు చూశాడు, ఇంజన్ మూత వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు. తుపాకీ మరో చేతికి మార్చుకున్నాడు.

"మాల్ కాడ ఆ మసిబట్టలోడు కారు దగ్గర నిలబడ్డడు గద. నూనె సంగతేమన్న అడిగిండా నిన్ను?"

లేదంటే సరిపోయేది. ఆడదాన్ని, నాకేం తెలుసు అంటే నమ్మేవాడు, ఆయనే నేర్పిన మాట కదా. కారు తలుపు పట్టుకున్నాను. ఒకప్పుడు అండాలు పట్టుకుని నిలబడిన తలుపే.

"అడిగిండు. నేనే వద్దన్న," అన్నాను. "అండాలును నేను పిలువ."